కొత్త జట్టుకు స్టాఫ్‌ను ఎంచుకున్న జులై

క్లబ్బును మనమే నడిపే కంప్యూటర్ గేమ్ ఫుట్‌బాల్ మేనేజర్ 2024లో ఈసారి ఇంగ్లండ్ ఆరో డివిజన్ నుంచి మొదలుపెట్టాను. నేషనల్ లీగ్ నార్త్‌లో ఒక చిన్న సెమీ ప్రొఫెషనల్ క్లబ్బు. స్టాఫ్ పేజీ తెరిస్తే ఒక గోల్‌కీపింగ్ కోచ్, ఒక ఫిజియో కనిపించారు. మిగతా పోస్టులన్నీ ఖాళీ. ఇదివరకైతే ఆ పేజీ మూసేసి నేరుగా ఆటగాళ్ల వేటలో పడేదాన్ని. ఈసారి మాత్రం జులై నెలంతా స్టాఫ్ మీదే కూర్చున్నాను.

దానికి కారణం పాత సేవ్‌లో, అంటే ఇంతకుముందు ఆడిన గేమ్‌లో, జరిగిన సంగతి. అప్పట్లో మంచి పేరున్న ఒక మాజీ ఆటగాడు అసిస్టెంట్ మేనేజర్‌గా వస్తానంటే, ఆ సంతోషంలో ప్రొఫైల్ కూడా సరిగా చదవకుండా తీసేసుకున్నాను. మా దగ్గర 18 ఏళ్ల రైట్ బ్యాక్ ఒకడుండేవాడు. రిపోర్టులో అతనికి ఐదింటిలో ఒక్కటే స్టార్. ముందుముందు ఎదుగుతాడన్న సూచన కూడా లేదు. వదిలేశాను. మూడు సీజన్ల తర్వాత అదే కుర్రాడు పై డివిజన్ జట్టులో ఉండి కప్ మ్యాచ్‌లో మాకు ఎదురుపడ్డాడు. మా లెఫ్ట్ వింగర్‌ను 90 నిమిషాలూ కదలనివ్వలేదు. పక్కనే కూర్చుని చూస్తున్న మా తమ్ముడు, "అక్కా, వీడికి ఒక్క స్టార్ ఇచ్చిందెవరు?" అని అడిగాడు. అప్పుడు వెళ్లి చూశాను. అసిస్టెంట్‌కు జడ్జింగ్ ప్లేయర్ ఎబిలిటీ, అంటే ఆటగాడి సత్తాను అంచనా వేసే నేర్పు, 20కి 6.

ఆటగాడి రిపోర్టులో మనం చూసే స్టార్లు మన స్టాఫ్ చెప్పే అంచనా మాత్రమే. అది కూడా మన జట్టులో ఉన్నవాళ్లతో పోల్చి చెప్పేది. చెప్పేవాడి చూపు బాగా లేకపోతే ఎవరిని ఉంచుకోవాలో ఎవరిని పంపాలో మనకూ తెలియదు. ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే ముందు అసిస్టెంట్ సంగతి తేల్చాలనుకున్నాను. సెర్చ్‌లో పేరు ప్రతిష్ఠల జోలికి పోకుండా జడ్జింగ్ ఎబిలిటీ, జడ్జింగ్ పొటెన్షియల్ (ముందుముందు ఎంత ఎదుగుతాడో అంచనా వేయడం) రెండూ కనీసం 13 ఉండాలని ఫిల్టర్ పెట్టాను. ఏ క్లబ్బులోనూ లేనివాళ్లయితే నష్టపరిహారం కట్టక్కర్లేదు కాబట్టి ఖాళీగా ఉన్నవాళ్లనే చూపించమన్నాను. లిస్టు పెద్దదే వచ్చింది గానీ, ఇంత చిన్న క్లబ్బుకు రావడానికి ఇష్టపడినవాళ్లు నలుగురే. వాళ్లలో ఒకాయన నాకు బాగా నచ్చాడు. మనుషులతో మెలగడంలో 15, అంచనా వేయడంలో 14. కానీ ట్యాక్టికల్ నాలెడ్జ్ 9. ఒక పూటంతా ఊగిసలాడాను. చివరికి, ట్యాక్టిక్స్ ఎలాగూ నేనే చూసుకుంటాను, నాకు కావలసింది ఆ చూపు అనుకుని ఆయన్నే తీసుకున్నాను.

ఆ తర్వాత కోచ్‌లు. బోర్డు ఇద్దరికే అనుమతి ఇచ్చింది. ఇక్కడ ఎక్కువ మంది పొరపడేది ఒక్క నంబరు చూసి నిర్ణయం తీసుకోవడం దగ్గరే. డిఫెండింగ్ కోచింగ్ కోసం ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూశాను. మొదటివాడికి డిఫెండింగ్ 13, రెండోవాడికి 11. అక్కడితో ఆగితే మొదటివాడే. కిందికి వస్తే అతనికి డిటర్మినేషన్ 8, క్రమశిక్షణ 7, మోటివేటింగ్ 9. రెండోవాడికి అవే 15, 14, 14. కోచ్ ఏ విభాగంలో పనిచేసినా ఈ మూడూ లెక్కలోకి వస్తాయి. రెండోవాణ్ని తీసుకుని ట్రైనింగ్ పేజీలో పెట్టగానే డిఫెన్స్ విభాగంలో శిక్షణ ఎంత బాగుందో చూపే స్టార్లు పెరిగాయి. అంతేకాదు, ఒకే కోచ్ మీద నాలుగైదు విభాగాలు వేస్తే పనిభారం ఎక్కువై అతని స్టార్లు తగ్గిపోతాయి. ఇద్దరే ఉన్నారు కాబట్టి పని పంచడానికే నాకు గంట పట్టింది. ఎటాకింగ్ ఒకరికి, డిఫెన్స్ ఒకరికి ఇచ్చి, పొజెషన్ (బంతిని మన దగ్గరే ఉంచుకోవడం), ఫిట్‌నెస్ అసిస్టెంట్‌కు అప్పజెప్పాను.

ఫిజియో విషయంలో పెద్దగా ఆలోచించలేదు. ఉన్నతని ఫిజియోథెరపీ 12, ఈ స్థాయికి అది చాలు. కొత్త ఆటగాళ్లను వెతికే స్కౌట్ కూడా ఒక్కడే. దేశదేశాలు తిరిగినవాడు మనకెందుకు, ఆటగాళ్లను కొనే డబ్బే లేనప్పుడు?

అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పడింది క్లబ్బులోని కుర్రాళ్ల బాధ్యత చూసే హెడ్ ఆఫ్ యూత్ డెవలప్‌మెంట్ దగ్గర. ఏటా యూత్ ఇన్‌టేక్‌లో, అంటే క్లబ్బులోకి కొత్తగా వచ్చే కుర్రాళ్ల బ్యాచ్‌లో, వచ్చే పిల్లల వ్యక్తిత్వం మీద ఈ మనిషి వ్యక్తిత్వం ప్రభావం ఉంటుంది. యూత్ సదుపాయాలు బాగుచేయడానికి మా దగ్గర పైసా లేదు, కనీసం పిల్లల స్వభావమైనా బాగుండాలనుకున్నాను. ఒకరికి జడ్జింగ్ పొటెన్షియల్ 16, వ్యక్తిత్వం దగ్గర 'క్యాజువల్' అని ఉంది. ఇంకొకరికి 12 మాత్రమే, కానీ 'ప్రొఫెషనల్'. కుర్రాళ్లతో పనిచేయడంలో 15. ప్రతిభను అంచనా వేయడానికి అసిస్టెంట్ ఉన్నాడుగా అని రెండో ఆయన్ని తీసుకుని, మూడేళ్ల ఒప్పందం ఇచ్చాను. చిన్న క్లబ్బుల్లో మంచివాళ్లను ఏడాది ఒప్పందం మీద పెట్టుకుంటే సీజన్ చివర్లో ఎవరో ఒకరు ఎగరేసుకుపోతారు. అదీ పాత సేవ్‌లోనే అనుభవమైంది.

సంతకాలయ్యాక, ఏ పని ఎవరు చూడాలో ఉండే రెస్పాన్సిబిలిటీస్ పేజీ తప్పకుండా చూడాలి. అక్కడ కుర్రాళ్ల ఒప్పందాల పని నా మీదే ఉండిపోయింది. దాన్ని హెడ్ ఆఫ్ యూత్ డెవలప్‌మెంట్‌కు అప్పగించాను.

ఇవన్నీ అయ్యేసరికి ప్రీ సీజన్ మ్యాచ్‌లు మొదలయ్యాయి. నేను పంపించేద్దామని లిస్టులో పెట్టిన 19 ఏళ్ల లెఫ్ట్ బ్యాక్ గురించి కొత్త అసిస్టెంట్ రిపోర్టు వచ్చింది: ఇప్పుడు రెండు స్టార్లు, ముందుముందు నాలుగు. వెంటనే అతని పేరు లిస్టులోంచి తీసేశాను. ఆ సీజన్‌లో అతను 31 మ్యాచ్‌లు ఆడాడు.

మార్చిలో యూత్ ఇన్‌టేక్ వచ్చింది. ఆటలో గొప్పవాళ్లెవరూ లేరు. కానీ ముగ్గురి ప్రొఫైల్‌లో 'ఫెయిర్లీ ప్రొఫెషనల్' అని కనిపించింది. ఆ ముగ్గురినీ ఉంచుకుని, ఇంకో కోచ్ పోస్టు ఇవ్వమని బోర్డును అడిగాను.