డోర్నకల్‌లో ఒక పూట

వరంగల్‌లో సగం పెట్టె ఖాళీ అయింది. మహబూబాబాద్ దగ్గరికి వచ్చేసరికి పట్టాలకు రెండువైపులా మిరప కల్లాలే. ఎండబెట్టిన కాయల ఘాటు కిటికీలోంచి కొడుతుంటే పెద్దమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇదిగో, మా వైపు గాలి వచ్చేసింది" అని నవ్వింది. విజయవాడ వైపు రైల్లో వెళ్లేవాళ్లందరూ డోర్నకల్ జంక్షన్ అన్న బోర్డు చూసే ఉంటారు. అక్కడ దిగేవాళ్లు తక్కువ. కొత్తగూడెం లైను అక్కడే విడిపోతుంది కాబట్టి దాన్ని బొగ్గు ఊరనే చాలామంది అనుకుంటారు. ఆ ఊళ్లో ఉన్న క్రైస్తవ గుడిని చూడాలని పెద్దమ్మకు ఎప్పటి నుంచో కోరిక. తోడు రమ్మంటే బయలుదేరాను, అంతే.

మెదక్ చర్చి చూసి వచ్చిన కళ్లకు డోర్నకల్ ఎపిఫనీ కేథడ్రల్ (బిషప్పుగారి పెద్ద గుడి) కొంత తికమకగానే ఉంటుంది. 1924లో ప్రతిష్ఠ అయిన మెదక్ గుడిది ఇంగ్లండు గోథిక్ పద్ధతి. ఆకాశంలోకి లేచిన శిఖరం, రంగు అద్దాల కిటికీలు. దాని గొప్ప దానిదే. ఇక్కడ గుమ్మటాలు, మినార్లు కనిపించి ఇది మసీదేమో అనిపిస్తుంది. లోపల అడుగుపెడితే దక్షిణాది ఆలయ మండపంలో ఉన్నట్టు వరుసగా లావుపాటి స్తంభాలు. వాటి చల్లదనానికి పెద్దమ్మ చెప్పులు విడిచిన పాదాలను నేలకు ఆనించి కాసేపు అలాగే నిలబడింది. సిలువ లేకపోతే ఇది ఏ మతం కట్టడమో చెప్పడం కష్టం. నాకు మెదక్ కంటే ఇదే నచ్చింది. జనములు తమ మహిమను, ఘనతను తీసుకుని దేవుని పట్టణంలోకి వస్తాయని ప్రకటన గ్రంథం చివర ఉంటుంది కదా. ఈ నేల కూడా తన పనితనాన్ని మోసుకుని వచ్చినట్టు ఉంది.

దీన్ని ఇలాగే కట్టాలని పట్టుబట్టిన మనిషి తెలుగువాడు కాదు. వి.ఎస్. అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. అక్కడి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో నడిపిన మిషనరీ సంఘం తరఫున 1909లో నిజాం రాజ్యంలోని ఈ ఊరికి వచ్చి, తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద పల్లెలు తిరిగారు. 1910లో ఎడింబరోలో మిషనరీల మహాసభ జరిగింది. దాదాపు పన్నెండు వందల మంది ప్రతినిధుల్లో ఆసియావాళ్లు ఇరవై మంది కూడా లేరు. అక్కడ అజరయ్యగారు నిలబడి, మీరు మీ ఆస్తిని బీదలకు పంచారు, మీ శరీరాలను కాల్చబడడానికి ఇచ్చారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. దొరలకు ఆ మాట రుచించలేదు. రెండేళ్లకు, 1912 డిసెంబరులో, ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చి శాఖలో, మొట్టమొదటి భారతీయ బిషప్పు అయ్యారు. గుడి ప్రతిష్ఠ 1939 జనవరి 6న జరిగింది.

తూర్పు దేశపు జ్ఞానులు శిశువైన యేసును వెతుక్కుంటూ వచ్చిన సంగతిని సంఘం తలచుకునే ఎపిఫనీ పండుగ రోజు అది. ఆ జ్ఞానుల గురించి నేను ఎక్కువ ఆలోచించింది ఆ గుడిలో బల్లమీద కూర్చునే. మత్తయి వాళ్లకు పన్నెండు వచనాలు ఇచ్చాడు. పేర్లు చెప్పలేదు, ఎంతమందో చెప్పలేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అర్పించి వేరే దారిన వెళ్లిపోయారు. మళ్లీ కనిపించరు. అబ్రాహాముతో మొదలైన అంత పెద్ద కథలో వాళ్ల వంతు అంతే, అయినా వాళ్లు లేని క్రిస్మస్ నాటకం మన ఊళ్లలో ఎక్కడైనా ఉందా?

మన ప్రార్థన కూటాల్లో చెప్పే సాక్ష్యాలు గుర్తొచ్చాయి. నాకు జబ్బు నయమైంది, మా అబ్బాయికి వీసా వచ్చింది, ఇల్లు కట్టుకున్నాం. కృతజ్ఞత చెప్పడం తప్పేమీ కాదు. కానీ ఆ కథల్లో కథానాయకులం మనమే, దేవుడు అవసరానికి వచ్చి సాయం చేసి వెళ్లే పాత్ర. ఆయన కథలో నేనెక్కడ అన్న ప్రశ్న ఎవరూ వేయరు. నేనూ వేసుకోలేదు.

పెద్దమ్మ నాయనమ్మ వేసుకుందో లేదో గానీ, జవాబు మాత్రం ఆమెకు దొరికింది. ఊరికి అవతల ఉన్న వాడలో పుట్టిన మనిషి. ఊరి కథలో ఆమెకు చోటు లేదు, మాట్లాడే హక్కు అసలే లేదు. ఈ అధ్యక్ష మండలంలో, అంటే బిషప్పు కింద ఉండే ప్రాంతంలో, బాప్తిస్మం తీసుకున్నవారిలో ఎక్కువమంది మాల, మాదిగలే. అజరయ్యగారు బాప్తిస్మం పొందేవారి చేత వాళ్ల చెయ్యి వాళ్ల తలమీదే పెట్టించి, బైబిల్లోని అపొస్తలుడు పౌలు మాట చెప్పించేవారు. అది ఎలాగో పెద్దమ్మ చూపించింది. కొంగు సరిచేసుకుని, కుడి అరచేతిని నడినెత్తిన గట్టిగా ఆనించి, బళ్లో పాఠం అప్పజెప్పినట్టు అంది: "నేను సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ." (శ్రమ అంటే ఇక్కడ పని కాదు, అయ్యో అనదగ్గ దురవస్థ.)

నిన్నటిదాకా ఊరి దేవాలయం మెట్లెక్కనివ్వని మనిషితో మొదటి రోజే ఈ మాట అనిపించడం! కూర్చోవడానికి చోటు ఇవ్వడం వేరు, పని అప్పగించడం వేరు. (కులం దీంతో పోయిందని కాదు. మాల మాదిగల తగవులు ఆయన కాలంలోనూ ఉన్నాయి. మన సంఘాల ఎన్నికల్లో నేటికీ చూస్తూనే ఉన్నాం.)

"చదువు రాని మనిషి ఏం ప్రకటించింది పెద్దమ్మా?" అని అడిగాను.

"నాట్లు వేసేటప్పుడు పాడేది. పక్క గనిమలో వాళ్లు అడిగితే చెప్పేది. అడగకపోయినా చెప్పేది. మా తాత విసుక్కునేవాడట."

అజరయ్యగారు 1945 జనవరి 1న ఈ ఊళ్లోనే చనిపోయారు. పెద్దమ్మ ఆయన పేరు మరోసారి తలచుకుని, రైలుకు ఇంకా టైముందా అని అడిగింది. ఉంది. స్టేషను దగ్గర టీ తాగుతూ ఉండబట్టలేక, "మరి నువ్వు ఎప్పుడైనా ప్రకటించావా?" అన్నాను.

ఆమె గ్లాసు కింద పెట్టి నా వైపు చూసింది. "పాతికేళ్లు సండేస్కూలు చెప్పింది ఎవరికి నాన్నా? వెనక బల్లమీద కూర్చుని పక్కపిల్లల జడలు ముడివేసింది నువ్వే కదా?"