థీమ్ పార్కుకి మంచి కెమెరా: తూకం నుంచి తుడుపు దాకా ఒక సర్దుడు లాగ్

4 వారాల ముందు: తూకం

ఖరీదైన కెమెరాని పాడవకుండా, పోకుండా పార్కులో తిప్పి తేవడానికి సర్దుకున్న కిట్ మొదటి రూపం ఇది. సోనీ ఏ7 ఫోర్ బాడీ (లెన్స్ లేని కెమెరా), బ్యాటరీ, కార్డుతో కలిపి 658 గ్రాములు. 24-105 మి.మీ. ఎఫ్4 జూమ్ లెన్స్ 663. 70-300 జూమ్ 854. 35 ఎఫ్1.8 ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) 280. విడి బ్యాటరీలు రెండు, ఒక్కోటి 83 గ్రాముల చొప్పున 166. మొత్తం 2,621 గ్రాములు. బ్యాగు, నీళ్ల సీసా, పిల్లల టోపీలు ఈ లెక్కలో లేవు.

పొద్దున గేటు తీసినప్పటి నుంచి రాత్రి బాణసంచా దాకా ఉంటే పార్కులో 10 నుంచి 15 కి.మీ. నడక అవుతుంది. రెండున్నర కిలోలు మొదటి గంటలో తెలియవు. మధ్యాహ్నం మూడింటికి తెలుస్తాయి. భుజం లాగేస్తుంటే బ్యాగు తీసి బెంచీ మీద పెట్టడం, స్ట్రోలర్‌కి తగిలించడం మొదలవుతుంది. కెమెరా పడేదీ, పోయేదీ ఆ తర్వాతే. అందుకే ఈ లాగ్ తూకంతో మొదలైంది.

మొదటి కోత 70-300కి. ఊరేగింపు మనకి పదడుగుల దూరంలోంచే పోతుంది, 105 చాలు. చాలకపోతే 33 మెగాపిక్సెళ్ల బాడీలో క్రాప్ మోడ్ (ఫొటో మధ్య భాగమే తీసుకునేది) పెడితే 157 మి.మీ. దాకా వస్తుంది, ఫొటో 14 మెగాపిక్సెళ్లు ఉంటుంది. ఒక విడి బ్యాటరీ కూడా తీసేస్తే 1,684 గ్రాములు. చీకటి పడ్డాక 24-105ని గదిలో పెట్టి 35 ఒక్కటే తగిలించుకుంటే 1,021. సోనీకి బదులు ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-టీ5 బాడీ (557), 18-55 లెన్స్ (310) జత అయితే మొత్తం 867 గ్రాములే. కానీ అందులో ఒక మెలిక ఉంది, నీళ్ల దగ్గర చెప్పుకుందాం.

ఒక్క లెన్స్‌తో రోజు గడపడంలో ఇంకో లాభం: జనం మధ్య నిలబడి, దుమ్ములో, చెమట చేతులతో లెన్స్ మార్చే పని ఉండదు. మార్చాల్సిందల్లా సాయంత్రం ఒకసారి, కూర్చుని, ఒళ్లో గుడ్డ పరుచుకుని, బాడీ నోరు కిందికి తిప్పి.

3 వారాల ముందు: స్ట్రాపు, బ్యాగు

కెమెరాతో వచ్చే మెడ స్ట్రాపు పార్కుకి పనికిరాదు. కిలోం పావు బరువు రోజంతా మెడ మీదే ఉంటుంది, వంగితే లెన్స్ ముందుకి ఊగి రెయిలింగ్‌కి తగులుతుంది. భుజం మీంచి అడ్డంగా వేసుకునే స్ట్రాపు మేలు. కెమెరా తుంటి పక్కన ఉంటుంది, మోచేత్తో అదిమి పట్టుకోవచ్చు.

వీటిలో రెండు రకాలు. బాడీ పక్కనున్న చెవులకి తగిలేవి ఒకటి, ట్రైపాడ్ రంధ్రంలో పావు అంగుళం స్క్రూతో బిగించేవి ఇంకోటి. రెండో రకం నడకలో అటూ ఇటూ తిరుగుతూ స్క్రూని కొంచెం కొంచెంగా వదులు చేస్తుంది. రోజుకి రెండుసార్లు నాణెంతో బిగించి చూడాలి. అంతకంటే ముఖ్యంగా, స్క్రూ ఉన్న ప్లేట్ నుంచి బాడీ చెవికి సన్నని తాడు ఒకటి అదనంగా కట్టాలి. స్క్రూ ఊడినా కెమెరా తాడుకి వేలాడుతుంది.

బ్యాక్‌ప్యాక్ పట్టీకి కెమెరాని బిగించే క్లిప్పులూ ఉన్నాయి. కొండలెక్కేటప్పుడు బాగుంటాయి. ఇక్కడ మాత్రం ఛాతీ ముందు పొడుచుకొచ్చిన లెన్స్ క్యూలో ముందున్నవాళ్ల వీపుకీ, పిల్లల తలలకీ తగులుతుంది. వద్దనుకున్నాం.

బ్యాగు 5 నుంచి 6 లీటర్ల స్లింగ్ (ఒంటి పట్టీతో అడ్డంగా వేసుకునేది). 24-105 తగిలించి, హుడ్ (లెన్స్ ముందుండే నీడ గొట్టం) తిరగేసి పెట్టిన కెమెరా పొడవు సుమారు 18 సెం.మీ. కాబట్టి లోపల 20 ఉండాలి. చూడాల్సినవి మూడు: జిప్పు మన ఒంటివైపు తెరుచుకోవాలి, అడుగున కనీసం 1 సెం.మీ. మెత్త ఉండాలి, అరలు తక్కువ ఉండాలి. మూడోది ఎందుకంటే గేటు దగ్గర తనిఖీలో ప్రతి అరా తెరవాలి. తొమ్మిది జిప్పులున్న బ్యాగుని మూసేటప్పుడు ఎనిమిదే మూస్తాం. కెమెరా బ్రాండు పేరు పెద్దగా రాసున్న స్ట్రాపు, బ్యాగు పక్కన పెట్టేయండి. ధర చీటీ తగిలించుకుని తిరిగినట్టే.

2 వారాల ముందు: బకెట్ పరీక్ష

పైభాగం చుట్టి క్లిప్పు వేసే 5 లీటర్ల డ్రై బ్యాగ్ ఒకటి. కెమెరా పెట్టకుండా పరీక్షించాలి. పొడి టిష్యూ కాగితాలు నాలుగు లోపల వేసి, గాలి నిండా ఉంచి, పైఅంచుని మూడు నాలుగు చుట్లు బిగుతుగా చుట్టి క్లిప్పు వేసి, బకెట్ నీళ్లలో 10 నిమిషాలు అదిమి పట్టాలి. బుడగలు ఎక్కడి నుంచి వస్తే అక్కడ చిల్లి. చాలాసార్లు చిల్లి ఉండదు, చుట్టేటప్పుడు అంచు ముడతపడి ఉంటుంది. రెండు చుట్లతో ఆపితే నీరు ఎక్కడం కూడా ఇందులో తెలిసిపోతుంది.

తీసేటప్పుడు ఓ జాగ్రత్త: చుట్లు విప్పకముందే బ్యాగు పైభాగాన్ని తుడవాలి. మడతల్లో నిలిచిన నీళ్లు విప్పగానే నేరుగా లోపలికి కారతాయి. బకెట్ పరీక్ష పాసైన బ్యాగులో కూడా టిష్యూ తడిసేది ఎక్కువగా ఇలాగే.

డ్రై బ్యాగ్‌తో పాటు జిప్ ఉన్న పెద్ద ప్లాస్టిక్ కవర్లు మూడు. వాన కోసమే కాదు, ఏసీ కోసం కూడా (కింద చూడండి). తేమ పీల్చే సిలికా జెల్ గింజలు రంగు మారే రకం తీసుకోండి. నారింజ రంగు పచ్చగా మారితే తేమ నిండినట్టు. రేకు డబ్బాలోని గింజలైతే 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. పొట్లం రకాన్ని అంత వేడి చేస్తే పొట్లమే పాడవుతుంది.

ముందు రోజు

విమానమైతే విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతి సామానులోనే. సోనీ బ్యాటరీ 16.4 వాట్ అవర్లు, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 74. విమానాల్లో ఉండే 100 వాట్ అవర్ల హద్దుకి రెండూ లోపలే. బ్యాటరీ మొనలకి మూత లేకపోతే టేపు అంటించండి. బాడీ, లెన్స్ సీరియల్ నంబర్లు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. 64 జీబీ కార్డులు రోజుకొకటి. ఫొటో 30 ఎంబీ అనుకుంటే ఒక్కోదాంట్లో రెండు వేల పైచిలుకు పడతాయి. నిన్నటి కార్డు నేడు కెమెరాలో ఉండకూడదు. కెమెరా పోయినా నిన్నటి రోజు మిగలాలి.

మొదటి రోజు: ఏసీ, ఎండ, సన్‌స్క్రీన్

గదిలో 22 డిగ్రీలు. బయట 33 డిగ్రీలు, గాలిలో తేమ 70 శాతం అనుకుందాం. అలాంటి గాలికి మంచు బిందువు దాదాపు 27. అంటే 27 కన్నా చల్లగా ఉన్న దేని మీదైనా నీరు పడుతుంది, 22 దగ్గరున్న లెన్స్ మీద తప్పకుండా పడుతుంది. పైన పడ్డది తుడిస్తే పోతుంది, ఇంకాసేపటికి మళ్లీ పడుతుంది. అప్పుడు లెన్స్ విప్పితే లోపల ఫొటో పట్టే సెన్సర్ మీదే పడుతుంది.

పద్ధతి: గదిలో ఉండగానే కెమెరాని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, గాలి పిండేసి మూయాలి. బయటికి వచ్చాక 20 నుంచి 30 నిమిషాలు తెరవకూడదు. నీరు కవర్ మీద పడుతుంది, లోపల కెమెరా మెల్లగా వేడెక్కుతుంది. ఆ అరగంట గేటు క్యూలో ఎలాగూ గడిచిపోతుంది. చిక్కల్లా మధ్యాహ్నం చల్లటి హాల్లో గంటసేపు ప్రదర్శన చూసి బయటికొచ్చినప్పుడు. తలుపు దాటాక గుర్తొస్తే లాభం లేదు, హాల్లో లేవకముందే కవర్ మూసేయాలి.

సన్‌స్క్రీన్ సంగతి చాలామంది పట్టించుకోరు. దాని నూనె కెమెరా రబ్బరు పట్టుకి, ప్లాస్టిక్‌కి మంచిది కాదు. డీట్ ఉన్న దోమల మందు ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది కూడా. రాసుకున్నాక చేతులు సబ్బుతో కడిగి కెమెరా ముట్టుకోండి. దోమల మందు స్ప్రే కొట్టేటప్పుడు కెమెరా బ్యాగులో, జిప్పు వేసి.

ఎండలో మిర్రర్‌లెస్ కెమెరాని మూత లేకుండా లెన్స్ పైకి ఉంచి బల్ల మీద పెట్టకండి. సెన్సర్‌కి అడ్డుగా పాత రకం కెమెరాల్లోలా అద్దం ఉండదు కాబట్టి సూర్యుడు లెన్స్‌లోంచి నేరుగా లోపల కాలుస్తాడు. చాలా కెమెరాలకి పనిచేసే వేడి హద్దు 40 డిగ్రీలు. ఎండలో ఆపిన కారు దాన్ని త్వరగానే దాటేస్తుంది. కారు డిక్కీ లాకర్ కాదు.

రెండో రోజు: రైడ్లు

రోలర్ కోస్టర్ మీదికి కెమెరా వద్దు, స్ట్రాపు ఎంత గట్టిదైనా. 30 మీటర్ల ఎత్తు నుంచి జారిన వస్తువు నేలకి చేరేసరికి గంటకి 87 కి.మీ. వేగంలో ఉంటుంది, కింద మనుషులుంటారు. జారకపోయినా గండం ఉంది: ఒళ్లోకి దిగే బారుకీ పొట్టకీ మధ్య కెమెరా ఇరుక్కుంటే బరువంతా లెన్స్ మౌంట్ (బాడీకి లెన్స్ తగిలే చోటు) మీద పడుతుంది. మౌంట్ ఒక్క వెంట్రుకవాసి వంగినా ఫొటోలో ఒక పక్క స్పష్టంగా, ఇంకో పక్క మసకగా వస్తుంది.

కాబట్టి మూడు దారులు. లాకర్: ఎండ నేరుగా పడని వరస చూసి తీసుకోండి, నంబరు ఫోన్‌లో ఫొటో తీయండి. ప్లాట్‌ఫాం మీద తెరిచి ఉన్న అరలు: టోపీలకి సరే, కెమెరాకి కాదు, అందరూ ఒకేసారి దిగి ఒకేసారి చేతులు పెడతారు. అన్నిటికంటే మంచిది, రైడు ఎక్కని మనిషి. పిల్లలున్న కుటుంబాల్లో ఎవరో ఒకరు కిందే ఉంటారు. చేతులు మారేటప్పుడు ముందు స్ట్రాపు తీసుకునేవాళ్ల తలమీదుగా వేయాలి, ఆ తర్వాతే ఇచ్చేవాళ్లు వదలాలి. 'పట్టుకున్నావా?' 'ఆఁ' అనే రెండు మాటల మధ్యే కెమెరాలు నేలపాలవుతాయి.

నీళ్ల రైడ్లన్నీ ఒకటి కాదు. దుంగ పడవలో ముందు వరసకే ఎక్కువ తడుపు. గుండ్రటి రాఫ్ట్‌లో ఎవరికి పడుతుందో చెప్పలేం, నీరు అడుగునా నిలుస్తుంది. బ్యాగు కాళ్ల దగ్గర పెడితే నీళ్లలో పెట్టినట్టే. వెదర్ సీలింగ్ (సందుల్లో నీరు చొరకుండా రబ్బరు అడ్డు) ఉందన్న ధైర్యం తుంపరకి, చిరుజల్లుకి చెల్లుతుంది, బిందెతో గుమ్మరించినదానికి కాదు. బాడీకీ లెన్స్‌కీ రెండిటికీ ఉంటేనే అదీ. ఇందాక చెప్పిన మెలిక ఇదే: ఎక్స్-టీ5కి సీలింగ్ ఉంది, ఆ 18-55కి లేదు. తడిసిన జూమ్‌ని పొడుగ్గా లాగి లోపలికి నెడితే గొట్టం మీది నీరు కూడా వెంట పోతుంది. ముందు తుడిచి తర్వాత మూయాలి.

పడవ దూకే చోట వంతెన మీంచి ఫొటో తీయాలనుకుంటే నేల చూడండి. తడి ఎంతవరకు ఉందో అల అంతవరకు వస్తుంది. గాలి వచ్చే వైపు నిలబడి, పొడి నేల మీంచి 105 దగ్గర తీస్తే సరిపోతుంది.

తడిస్తే

వెంటనే ఆపేయాలి. బ్యాటరీ, కార్డు తీసేయాలి. పనిచేస్తోందా అని మళ్లీ ఆన్ చేసి చూడకూడదు, చెడగొట్టేది ఆ ఆన్ చేయడమే. పైన మెత్తటి గుడ్డతో అద్ది, క్లోరిన్ నీళ్లైతే మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఇంకోసారి తుడిచి, సిలికా జెల్‌తో గట్టి మూత డబ్బాలో 48 గంటలు. బియ్యంలో పెడితే పిండి, దుమ్ము సందుల్లో చేరతాయి. హెయిర్ డ్రయర్ వేడి జిగురునీ రబ్బరునీ వదులు చేస్తుంది, గాలి నీటిని లోపలికి తోస్తుంది.

రాత్రి ప్రదర్శన

ఇక్కడ నీటికంటే లేజరు ప్రమాదం. పుంజం నేరుగా లెన్స్‌లో పడితే సెన్సర్ మీద శాశ్వతంగా గీతలు, చుక్కలు మిగలొచ్చు. లేజర్లు జనం మీదికి తిరుగుతుంటే కెమెరా దించేయండి. బాణసంచా కింద గాలివాలు వైపు నిలబడితే బూడిద నలుసులు రాలతాయి; వాటిని గుడ్డతో రుద్దితే గీత ఖాయం, బ్లోయర్‌తో (చేత్తో నొక్కే గాలి బుడ్డి) ఊదాలి. పొగ యంత్రాల పొగ మాత్రం ముందు గాజు మీద పల్చటి పొరలా అంటుకుంటుంది, ఊదితే పోదు, లెన్స్ ద్రవం కావాలి.

గదికి వచ్చాక, ప్రతి రాత్రి

పది నిమిషాల పని, ఈ వరసలోనే: బ్లోయర్, మెత్తటి బ్రష్, ఆ తర్వాతే ద్రవం. ద్రవం చుక్క గుడ్డ మీద వేయాలి, గాజు మీద కాదు. గాజు మీద వేస్తే అంచు నుంచి లోపలికి దిగుతుంది. స్ట్రాపు చెవులు, స్క్రూ చూడాలి. స్ట్రాపు చెమటకి తడిసి ఉంటే విప్పి ఆరేయాలి. కార్డు మార్చి, ఫొటోలు రెండో చోటికి కాపీ చేశాకే బ్యాటరీ ఛార్జింగ్‌కి.

స్లింగ్ బ్యాగుని తలకిందులు చేసి దులిపితే పాప్‌కార్న్ ముక్కలు, ఇసుక రాలతాయి. డ్రై బ్యాగ్‌ని నోరు తెరిచి, లోపలి వైపు బయటికి తిప్పి ఆరబెట్టండి. తడితో చుట్టి పెడితే మర్నాటికి అందులో పెట్టే కెమెరాకి అదే ఆవిరి గది.