స్కై దీవిలో ఒక రోజు: ట్రాటర్నిష్ చుట్టు, కుటుంబ నడక లాగ్

మే చివరి వారం. మకాం స్కాట్లాండ్‌లోని స్కై దీవిలో పోర్ట్రీ ఊరు; తిరిగింది దీవి ఉత్తరాన ఉన్న ట్రాటర్నిష్ ద్వీపకల్పం. పెద్దవాళ్లు ఇద్దరు, 7, 11 ఏళ్ల పిల్లలు, హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మమ్మ. కారులో చుట్టు మొత్తం దాదాపు 50 మైళ్లు, కాలినడక 7 కిలోమీటర్ల పైచిలుకు.

ఈసారి మార్చిన ముఖ్య విషయం వేళలు. వేళ చూసుకోకుండా ఆగుతూ పోతే స్టాఫిన్ తీరానికి చేరేసరికి పోటు ఉండొచ్చు, అప్పుడు అక్కడి డైనోసార్ అడుగుజాడలు నీళ్లకింద ఉంటాయి. అందుకని ముందు ఆటుపోట్ల పట్టిక చూసి, పాటు (నీళ్లు బాగా వెనక్కి తగ్గే వేళ) 12:40కి అని తేలాక, మిగతావన్నీ దాని చుట్టూ అమర్చాం. రెండోది గాలి. ఊరి వాతావరణ సూచన సరిపోదు, కొండలకు విడిగా ఇచ్చేది చూడాలి. పైన ఈదురుగాలి గంటకు 40 మైళ్లంటే చిన్నపిల్లలతో స్టోర్ కొండ ఎక్కకూడదు, ఎండ ఎంత బాగున్నా సరే.

8:10, స్టోర్ కార్ పార్కు. టికెట్ మెషీన్ ఉంది, టాయిలెట్లు ఉన్నాయి. సీజన్లో 10 కల్లా నిండిపోతుంది. నిండిందని రోడ్డు పక్క గడ్డి మీద ఆపితే చక్రాలు బురదలో దిగబడతాయి, బస్సులకూ దారి ఉండదు. ఓల్డ్ మ్యాన్ అనే రాతిస్తంభం దగ్గరి దాకా వెళ్లి రావడం 3.8 కిలోమీటర్లు, ఎక్కుడు 290 మీటర్ల దగ్గర. పిల్లలతో పైకి గంటా పది, కిందికి 50 నిమిషాలు. మొదటి సగం కంకర బాట, తర్వాత రాతిమెట్లు. తడిసిన బసాల్టు రాయి మీద కాలు జారేది దాదాపు ఎప్పుడూ దిగేటప్పుడే. ఎక్కేటప్పుడు లేసులు చీలమండ దగ్గర కాస్త వదులుగా ఉన్నా పర్లేదు. దిగేముందు మాత్రం కూర్చోబెట్టి, మడమ వెనక్కి ఆనించి, పైరెండు కొక్కేల దగ్గర బిగించి కట్టాలి. కట్టకపోతే పాదం బూటులో ముందుకు జారి, బొటనవేలి గోరు ప్రతి మెట్టుకీ తగులుతుంది. పిల్లలు "కాళ్లు నొప్పి" అనేది చాలాసార్లు ఇదే.

50 మీటర్ల ఆ రాతిస్తంభానికి సరిగ్గా కిందికి మాత్రం వెళ్లవద్దు, రాళ్లు రాలుతుంటాయి. ఎదురుగా ఉన్న తూర్పు గుట్ట మీంచే అది బాగా కనబడుతుంది కూడా. ఈ నేలంతా జారిపడ్డ కొండే. మెత్తటి జురాసిక్ పొరల మీద బరువైన లావా రాయి పేరుకుని, కింది పొరలు మోయలేక పక్కకు జారిపోయింది. ఉత్తరాన క్విరాంగ్ కొండల దగ్గర అది ఇంకా కదులుతూనే ఉంది, ఫ్లోడిగారీ దగ్గర రోడ్డుకు ఏటా మరమ్మతు చేయాల్సిందే.

11:20, కిల్ట్ రాక్ అనే సముద్రతీరపు కొండచరియ. మోకాళ్ల నొప్పులున్నవారికి ఈ రోజంతటిలో ఇదే మంచి చోటు. కారు దిగి నాలుగడుగులు వేస్తే మీల్ట్ జలపాతం నేరుగా సముద్రంలోకి దూకుతుంటుంది. గాలి వీస్తే ఇనుప కంచె గొట్టాల్లోంచి వేణువులాంటి మోత వస్తుంది. చెవి ఆనించి వినాలి. అమ్మమ్మ అరగంట అక్కణ్ణుంచి కదల్లేదు.

12:10, స్టాఫిన్ దగ్గరి ఆన్ కోరన్ తీరం. డైనోసార్ అడుగులు మూడు వేళ్లవి, చదునైన రాతిపలక మీద ఉంటాయి. కొన్నిసార్లు ఇసుక కప్పేసి ఒక్కటీ కనబడదు, శీతాకాలపు తుఫానులు ఇసుకను కడిగేశాక అవకాశం ఎక్కువ. గుంటలో కాసిని నీళ్లు పోస్తే అంచు తేలి స్పష్టంగా కనబడుతుంది. పాచి పట్టిన రాళ్ల మీద నిదానంగా నడవాలి. శిలాజాలేవీ ఏరుకోకూడదు, చట్టం ఒప్పదు.

భోజనం ఇక్కడే, కారులో. పులిహోర ఈ చలికి పనికిరాదు. 8, 9 డిగ్రీల్లో అన్నం గట్టిపడి పలుకులైపోతుంది, నూనె పేరుకుంటుంది. బంగాళాదుంప కూర చుట్టిన చపాతీలు, ఫ్లాస్కులో చారు, జేబులో సున్నుండలు. చారు ఫ్లాస్కులో పోసేముందు మరిగిన నీళ్లతో ఓసారి తొలిపితే మూడు గంటల తర్వాత కూడా పొగలొస్తుంది.

2:00, క్విరాంగ్. బ్రోగేగ్ నుంచి పైకి ఒంటి వరస రోడ్డు, చివర్లో హెయిర్‌పిన్ మలుపులు. ఎదురుగా బండి వస్తే, పాసింగ్ ప్లేస్ (బండ్లు తప్పుకోవడానికి రోడ్డు వెడల్పు చేసిన చోటు) మనకు ఎడమవైపుంటే అందులోకి తప్పుకోవాలి. కుడివైపుంటే దాని ఎదుటే ఆగాలి, దాటి అటు పోకూడదు. వెనక స్థానికులు వస్తుంటే దారివ్వాలి. ఫొటోల కోసం అందులో బండి నిలపడం పెద్ద తప్పు.

పూర్తి చుట్టు 6.8 కిలోమీటర్లు. పిల్లలతో అది వద్దు. పైభాగం బురద, మబ్బు దిగితే అంచు కనబడదు. ప్రిజన్ అనే కోటలాంటి రాతిగుట్ట దాకా వెళ్లి వెనక్కి రావడం చాలు, ఒకవైపు సుమారు కిలోమీటరున్నర. బాట దాదాపు సమతలంగానే ఉన్నా పక్కన నిట్టనిలువు వాలు. మొదట్లోనే ఒక చిన్న వాగు గండి వస్తుంది, అక్కడ చేతులు పట్టి దాటాలి. ముందు పెద్దవాళ్లలో ఒకరు దాటి నిలబడి, పిల్లల్ని లోపలివైపు నడిపించి, రెండోవారు వెనక రావాలి. గొడుగు, పోంచో రెండూ ప్రమాదమే, గాలికి తెరచాపలవుతాయి. జీన్స్ తడిస్తే ఆరవు, ఒంట్లో వేడి లాగేస్తాయి.

5:30, తిరిగి కార్ పార్కు. గాలి పడిపోగానే మిడ్జీలు (కుట్టే సన్నటి దోమల్లాంటి పురుగులు) ముసురుకున్నాయి. గంటకు 7 మైళ్లకు మించి గాలి ఉంటే అవి ఎగరలేవు, అందుకే పగలంతా జాడలేదు. బూట్లు విప్పడం, బట్టలు మార్చడం ఇక్కడ పెట్టుకోకుండా ఊయిగ్ ఊరి మీదుగా గదికి వచ్చేశాం.

రాత్రి పని రెండు. ఒకటి, పిడుదులు చూడటం: మోకాళ్ల వెనక, చంకలు, నడుం పట్టీ, పిల్లలకైతే జుట్టు అంచు. చిన్నదానికి మోకాలి వెనక ఒకటి, గసగసాలంత. కొబ్బరినూనె రాయడం, కాల్చడం వద్దు. ఊపిరాడక అది కడుపులోది కక్కితే జబ్బు సోకే ముప్పు పెరుగుతుంది. పిడుదులు తీసే చిన్న కొక్కెం చర్మానికి ఆనించి, తిప్పుతూ మెల్లగా లాగాలి. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రటి వలయం లేస్తే డాక్టర్‌కు చూపించాలి. రెండోది బూట్లు. రేడియేటర్ మీద పెడితే అడుగు జిగురు విడిపోతుంది. లోపలి అట్ట తీసి, న్యూస్‌పేపర్ ఉండలు కూరి, పడుకునేముందు ఒకసారి మార్చితే పొద్దునకి తొడుక్కోవచ్చు.