టక్‌మంటే తెలిసింది

మా ఊరి చెరువు మత్తడి దగ్గర చేపలు పట్టడానికి రెండేళ్లు ఫైబర్‌గ్లాస్ రాడ్‌తోనే నెట్టుకొచ్చాను. ఆరు వందలకు కొన్నది. మహా గట్టిది, బండి మీద నుంచి పడినా చెక్కుచెదరలేదు. కానీ బెండు లేకుండా అడుగున ఎర వేస్తే, ముట్టింది చేపో రాయో తెలిసేది కాదు. గాలం తీసి చూస్తే వానపాము మాయం! పక్కన వెదురు కర్రతో కూర్చునే తాత ముసిముసి నవ్వులు నవ్వేవాడు.

పోయిన నెల, రెండు వేలు దాటొద్దని లెక్క పెట్టుకుని షాపుకెళ్లాను. షాపతను డబ్బా మీది అక్షరాలు చూపిస్తున్నాడు. నేను పిడి పట్టుకుని కళ్లు మూసుకుని, కొసను వేలితో గోకమన్నాను. పిచ్చోణ్ని చూసినట్టు చూశాడు, గోకాడు. ఒక రాడ్‌లో ఏమీ లేదు. ఇంకోదానిలో ఆ గోకుడు అరచేతికి స్పష్టంగా తగిలింది. కార్బన్ కలిపిన తేలిక రాడ్, 1,450. రీల్ పాతదే. మిగిలిన డబ్బుతో బ్రెయిడ్ లైన్, అంటే పెద్దగా సాగని అల్లిక దారం, కొన్నాను. నైలాన్ దారం సాగుతుంది, ఆ సాగుడులోనే చిన్న కాట్లన్నీ పోతాయి. సగం తేడా ఈ కొత్త దారానిదేనని నా అనుమానం.

కార్బన్‌లో కరెంటు పారుతుంది కాబట్టి తీగల కింద విసరను, ఉరిమితే సర్దేస్తాను.

నిన్న సాయంత్రం టక్, టక్. లాగితే అరకిలో జెల్ల. తాత లేచొచ్చాడు.

"ఏదీ, ఒక్కసారి ఇటియ్యి బిడ్డా."