స్కీలకి బైండింగులు బిగించడం: విజయనగరం షెడ్డులో పని ఎంతవరకొచ్చిందంటే

సంక్రాంతికి మా మేనల్లుడు జర్మనీ నుంచి వస్తూ నాకోసం మంచు మీద జారే కొత్త స్కీలు మోసుకొచ్చాడు. పొడవు 170 సెంటీమీటర్లు, నడుం దగ్గర వెడల్పు 82 మిల్లీమీటర్లు. లోపల చెక్క, దానికి పైనా కిందా టైటనాల్ అనే గట్టి అల్యూమినియం మిశ్రమ రేకు. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగులు మాత్రం వేరే డబ్బాలో విడిగా ఉన్నాయి. బూటు తెచ్చి చూపిస్తేగాని కన్నాలు వెయ్యమన్నారట అక్కడి షాపువాళ్ళు. బూట్లేమో ఇక్కడ మా బీరువా మీదున్నాయి. అంటే పని విజయనగరంలోనే జరగాలి.

ఔలీలోనూ గుల్మార్గ్‌లోనూ ఇన్నాళ్ళూ అద్దె సామానుతోనే జారాను. అద్దె స్కీల మీద బైండింగు పట్టాలెక్కి ముందుకీ వెనక్కీ జరుగుతుంది, ఎవరి బూటుకైనా సరిపెట్టేస్తారు. ఇవి అలాంటివి కావు. ఒక్కో స్కీకి ముందు నాలుగు, వెనక నాలుగు స్క్రూలు నేరుగా చెక్కలోకి దిగాలి. ఒక కన్నం రెండు మిల్లీమీటర్లు పక్కకి పోయిందంటే దాన్ని ఆనుకుని మరోటి వెయ్యడానికి చోటుండదు. పైగా సొంతంగా బిగించుకుంటే కంపెనీ పూచీ ఏమీ ఉండదు. అది ఒప్పుకునే మొదలెట్టాను.

మా వీధి చివర వడ్రంగి షెడ్డుంది. నిలువు డ్రిల్లింగ్ మిషనున్నది అక్కడే. సంచీ విప్పగానే వడ్రంగి మావ అడిగాడు: "ఏటిది బాబూ, సిరిమానుకి తమ్ముడా?" పైడితల్లమ్మ ఊళ్ళో పొడుగాటి కర్ర ఏది కనబడినా ఈ మాట తప్పదు. ఇవి కాళ్ళకి కట్టుకుని మంచు మీద జారేవని చెబితే, "కాలు ఇరిగితేనో?" అన్నాడు. మంచి ప్రశ్నే. బైండింగు ఉన్నదే అందుకు: పట్టుకోవాల్సినంతసేపు బూటుని పట్టుకోవాలి, కాలు విరిగే బలం రాకముందే వదిలెయ్యాలి.

ముందు కొలతలు. బూటు మడమ పక్కన అచ్చుపోసిన అంకె 305. అది బూటు అడుగు మొత్తం పొడవు, మిల్లీమీటర్లలో. మన చెప్పు సైజుకీ దీనికీ సంబంధం లేదు, సైజు చూసి లెక్క కట్టకండి. బూటు పక్కన మధ్య గీత ఒకటుంటుంది, స్కీ మీద ఇంకోటి. ఆ రెండూ కలవాలి. గీతకి ఓ సెంటీమీటరు ముందుకి బిగిస్తే మలుపులు తేలికని కొందరంటారు. నేను కంపెనీ గీతనే నమ్ముకున్నాను. బూటు ఊడగానే కిందికి దిగి స్కీని ఆపే బ్రేకు చేతుల వెడల్పు కూడా ఇప్పుడే చూసుకోవాలి. నా బ్రేకు 90, నడుం 82. బ్రేకు నడుం కన్నా సన్నమైతే కిందికి దిగదు, మరీ వెడల్పైతే స్కీని వాల్చినప్పుడు మంచుకి గీసుకుంటుంది.

కన్నాలెక్కడ పడాలో చూపించే కాగితం నమూనాని నెట్ సెంటర్లో ప్రింటు తీయించాను. దాని మూలలో 100 మిల్లీమీటర్ల గీత ఉంటుంది. స్కేలు పెడితే 97 వచ్చింది! ప్రింటరు కాగితానికి సరిపోయేలా బొమ్మని కుదించేసింది. వందకి మూడంటే, 305 మీద తొమ్మిది దాటుతుంది. ఆ కుర్రాడి చేత 'ఫిట్ టు పేజ్' తీయించి, నూటికి నూరు శాతం పెట్టించి మళ్ళీ తీయించాను. ఈసారి గీత సరిగ్గా వచ్చింది.

తర్వాత నడిమి గీత. స్కీ అంచులు రెండూ వంపు తిరిగి ఉంటాయి కాబట్టి మూలమట్టం ఆనించడానికి తిన్నని అంచంటూ లేదు. స్కీ మీద మాస్కింగ్ టేపు అంటించి, బైండింగు వచ్చే చోట నాలుగైదు చోట్ల వెర్నియర్‌తో వెడల్పు కొలిచి, సగానికి చుక్కలు పెట్టాను. మావ సన్నదారం ఈ కొస నుంచి ఆ కొసకి బిగలాగి చూశాడు. చుక్కలన్నీ దారం కిందే ఉన్నాయి. అప్పుడు నమూనా అంటించి, ప్రతి కన్నం మీదా పంచ్‌తో చిన్న గుంట కొట్టాం. పంచ్ కొట్టకపోతే నున్నటి ప్లాస్టిక్ మీద బిట్టు జారిపోతుంది.

అసలు భయం లోతు దగ్గరే. స్కీ పైనే 4.1 × 9 అని రాసుంది: బిట్టు 4.1 మిల్లీమీటర్లు, లోతు 9. లోపల రేకు లేని స్కీలకైతే మామూలుగా 3.5 లేదా 3.6 బిట్టు వాడతారు. తొమ్మిది దాటి పోతే అడుగున మంచుకి తగిలే నున్నటి పొర ఉబ్బుతుంది, ఇంకాస్త పోతే బయటికే వచ్చేస్తుంది. స్కీ పనికి మెట్టు ఉన్న ప్రత్యేకమైన బిట్లుంటాయి, ఆ మెట్టు దాటి దిగవు. ఇక్కడ దొరకవు. బిట్టుకి టేపు చుట్టి గుర్తు పెట్టుకుందామన్నాడు మావ. బీరువా తలుపులకైతే సరేగానీ, వేడికి టేపు పైకి జరిగితే ఇక్కడ నష్టం వేరు. లేత్ షాపులో ఇత్తడి బుష్ ఒకటి తిరగేయించి, పక్కనుంచి చిన్న స్క్రూతో బిట్టుకి బిగించాను. బుష్ అంచు నుంచి బిట్టు మొన దాకా 9.

ముందు టేకు ముక్క మీద అల్యూమినియం రేకు బిగించి దానికి కన్నాలు వేసి చూశాం. రేకు తెగేటప్పుడు చేతికి ఎలా తెలుస్తుందో ఈ ముక్క మీదే పట్టుబడింది. మావకి ఇది నచ్చలేదు. "పది కన్నాలకి ఇంత ఇదేటి బాబూ, బంగారప్పని సెప్తన్నావు" అంటూనే వేశాడు. రెండు స్కీలకీ కలిపి పదహారని నేను సరిదిద్దలేదు.

ఇంకో సంగతి. స్కీ బల్ల మీద చదునుగా కూర్చోదు, నడుం దగ్గర పైకి లేచి ఉంటుంది. మిషను అదిమితే అది కిందికి వంగుతుంది, వంగితే కన్నం ఏటవాలు. నడుం కింద ఖాళీకి సరిపోయే చెక్క దిమ్మ పెట్టాకే మిషను ఆన్ చేశాం. కన్నాలు పడ్డాక 12 ఏబీ ట్యాప్‌తో మరలు కోశాను. రేకున్న స్కీకి ఇది తప్పదు, ట్యాప్ ఆన్‌లైన్లో తెప్పించుకున్నాను. చేత్తోనే, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. కన్నం చుట్టూ ఉబ్బిన ప్లాస్టిక్‌ని మావ పదునైన ఉలితో ఒక్క గీతలో లేపేశాడు. అది నేను చేసుంటే సగం సాయంత్రం పట్టేది. ఆ ఉబ్బు ఉంటే బైండింగు చదునుగా కూర్చోదు.

ప్రతి కన్నంలో ఒక చుక్క ఫెవికాల్ మెరైన్. స్క్రూ నున్నగా దిగుతుంది, ఆరాక కదలదు, కన్నంలోకి నీళ్ళు పోవు. చెక్కకి నీళ్ళు తగిలితే ఎంత గట్టి స్క్రూ అయినా పట్టు వదిలేస్తుంది. ఈ స్క్రూల తల పోజీడ్రైవ్ 3. చూడ్డానికి మామూలు స్టార్ తలలా ఉంటుందిగానీ, స్టార్ స్క్రూడ్రైవర్ పెడితే జారి తల అరిగిపోతుంది. కరెంటు డ్రైవర్ దగ్గరికి కూడా రానివ్వలేదు. ముందు అన్నీ వదులుగా దింపి, తర్వాత ఎదురెదురు మూలలు బిగిస్తూ వచ్చాం. జిగురు ఆరేదాకా ముట్టుకోలేదు.

ఆరాక సర్దుబాట్లు. వేలివైపు, బూటు అడుక్కీ కింద జారుడు పలకకీ మధ్య అర మిల్లీమీటరు సందుండాలి. కాగితం పెట్టి లాగితే కొంచెం పట్టుకుంటూ రావాలి. వెనకవైపు, బూటు బిగించినప్పుడు మడమ భాగం ముందుకి ఎంత నొక్కుతోందో చూపించే గుర్తుంటుంది. నా బైండింగులో స్క్రూ తల డొప్ప అంచుకి సమంగా రావాలి. బూటు తీసేసి చూస్తే ఈ గుర్తుకి అర్థం లేదు, లోపల బూటు ఉండగానే చూడాలి.

ఇక డిన్ అంకె, అంటే బైండింగు ఎంత బలానికి బూటుని వదలాలో చెప్పే అంకె. ఇక్కడ మావ చేతి నేర్పు గానీ నా చేతి నేర్పు గానీ పనికిరావు. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, జారే తీరు, ఈ అయిదూ పట్టికలో చూసి తియ్యాలి. ఐఎస్ఓ 11088 అనే అంతర్జాతీయ ప్రమాణంలో పద్ధతంతా ఉంది. బరువొక వరసలో, ఎత్తొక వరసలో పడితే తక్కువ అంకె వచ్చే వరస తీసుకోవాలి. ఏభై ఏళ్ళకి పైబడితే ఇంకో వరస తక్కువకి వెళ్ళాలి, నేను వెళ్ళాను. నెమ్మదిగా జారేవాళ్ళకి మొదటి రకం. నేను అదే రాసుకున్నాను, ఇందులో గొప్పలకి పోతే కాలికే. బూటు పొడవు పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది, మీట పొడవైతే తక్కువ బలానికే తిరుగుతుంది కాబట్టి. నాకొచ్చిన అంకె ఎంతో ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఎవరో ఒకరు అదే పెట్టేసుకుంటారు.

ఈ వదిలే ఏర్పాటు మొదట చేసిన వాళ్ళలో జల్మర్ వామ్ ఒకడు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ స్కీ ఆటగాడు, తన కాలు విరిగాక 1937లో చేశాడు. ఇలాంటి బైండింగులొచ్చాక పిక్క ఎముకలు విరగడం బాగా తగ్గింది. మోకాలి లోపలి లిగమెంట్లకి మాత్రం ఇవి అంత కాపు కాదు.

ప్రస్తుతానికి స్కీలు మంచం కింద ఉన్నాయి. మనవైపు సముద్రపు గాలికి ఉక్కు అంచులు ఇట్టే తుప్పు పట్టేస్తాయి, అందుకే అడుగునా అంచులకీ మైనం మందంగా కరిగించి పోశాను. గీకకుండా అలాగే ఉంచాలి, మంచు దగ్గరికెళ్ళాక గీకుతాను. మిగిలిన పని ఒకటే, అదే పెద్దది: బైండింగు నిజంగా ఏ బలానికి వదులుతోందో కొలిచే టార్క్ మిషను మీద పరీక్ష. ఆ పరీక్ష కాకుండా ఎత్తైన వాలు ఎక్కను. వచ్చే సీజనుకి సమతా ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ దాకా వెళ్ళేటప్పుడు పోజీడ్రైవ్ డ్రైవర్ కూడా సంచీలోనే ఉంటుంది. మొదటి రోజు జారాక స్క్రూలన్నీ ఒకసారి బిగించి చూసుకోవాలి, వదులైతే సర్ది, డిన్ అంకెలు కదిలాయేమో కూడా చూసుకోవాలి.