ముప్పై రౌటర్లకు ఏ రౌటింగ్ నప్పుతుంది?

రౌటింగ్ పద్ధతిని, అంటే సమాచారం ఏ దారిన వెళ్లాలో రౌటర్లు నిర్ణయించే విధానాన్ని, ఎంచుకునేటప్పుడు ఏ ప్రోటోకాల్ (రౌటర్లు దారుల వివరాలు పంచుకునే నియమావళి) మేలైనదన్న చర్చకన్నా ముందు, ఒక దారి మూసుకుపోతే ఆ సంగతి మిగతా రౌటర్లకు ఎలా తెలుస్తుందన్నది తేల్చుకోవాలని నా అభిప్రాయం.

దాదాపు ముప్పై రౌటర్లున్న ఒక నెట్‌వర్క్‌ను కొంతకాలం పూర్తిగా స్టాటిక్ రూట్లతోనే, అంటే చేత్తో రాసిపెట్టిన దారులతోనే, నడిపాను. ఒకరోజు అవతలి రౌటర్ ఆగిపోయింది. మధ్యలో స్విచ్ (పరికరాలను కలిపే పెట్టె) ఉండడంతో ఇవతలి రౌటర్ ఇంటర్‌ఫేస్‌లో (కేబుల్ తగిలించే పోర్టులో) పచ్చదీపం అలాగే వెలుగుతూనే ఉంది. ఆ రూటు రౌటర్ టేబుల్‌లో (దారుల పట్టికలో) భద్రంగా ఉంది, ప్యాకెట్లు మాత్రం గాలిలో కలిసిపోతున్నాయి. డిస్టెన్స్ (రూటు ప్రాధాన్య సంఖ్య; ఎక్కువైతే వెనకబడుతుంది) 200 ఇచ్చి ముందుజాగ్రత్తగా రాసుకున్న బ్యాకప్ రూటు, మొదటిది టేబుల్‌ నుంచి తొలగితే గాని పైకి రాదు కనుక, అది ఉండీ లేనట్టే అయింది.

1988లో ప్రమాణమైన రిప్ అనే రౌటింగ్ ప్రోటోకాల్ ఈ సమస్యను పసిగడుతుంది గానీ, సమాచారం అందని రూటును కొట్టివేయడానికి 180 సెకన్లు ఆగుతుంది. పైగా దానికి లింకు వేగంతో పని లేదు, హాప్‌ల (దారిలో దాటే రౌటర్ల) లెక్కే ప్రధానం. అవి 15 దాటితే గమ్యం లేదనుకుంటుంది. సిస్కో కంపెనీ రూపొందించిన ఈఐజీఆర్‌పీ ప్రోటోకాల్ చురుకైనదే. సిస్కో దాని వివరాలను 2016లో ఆర్‌ఎఫ్‌సీగా (అందరికీ అందుబాటులో ఉండే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా) బయటపెట్టినా, ఇతర కంపెనీల పరికరాలు కలిసే చోట దాన్ని నమ్ముకోలేను.

అందుకే ఏ ఒక్క కంపెనీకీ చెందని ఓఎస్‌పీఎఫ్ ప్రోటోకాల్ వైపు మొగ్గాను. ఈథర్నెట్ లింకుల మీద 10 సెకన్లకోసారి హలో అనే పలకరింపు సందేశం పంపి, 40 సెకన్లపాటు జవాబు లేకపోతే పొరుగు రౌటర్ పోయినట్టే లెక్కగడుతుంది. అదీ ఆలస్యమనిపిస్తే లింకు తెగడాన్ని వేగంగా గుర్తించే బీఎఫ్‌డీని జోడించి సెకనులోపే పట్టుకోవచ్చు. ముప్పై రౌటర్లకు ఒక్క ఏరియా 0 (ఓఎస్‌పీఎఫ్‌లో రౌటర్ల ప్రధాన సముదాయం) చాలు. అయితే ఐపీ అడ్రసులను మాత్రం భవనాలవారీగా వరుస బ్లాకులలో కేటాయించాలి. లేకుంటే రేపు ఏరియాలు విడదీసినా పలు రూట్లను ఒక్కటిగా కుదించడం కుదరదు.

రెండు చోట్ల తడబడ్డాను. సిస్కో రౌటర్లలో కాస్ట్ (ఓఎస్‌పీఎఫ్ దారిని ఎంచుకునే కొలత; తక్కువైతే మేలు) లెక్కకు ఆధారం చాలాకాలంగా 100 ఎంబీపీఎస్ కావడంతో, అంతకు మించిన ప్రతి లింకూ, అది పది గిగాబిట్లదైనా, కాస్ట్ 1గానే కనిపిస్తుంది. ఆ ఆధార విలువను అన్ని రౌటర్లలోనూ ఒకేలా పెంచాలి. ఇక పొరుగు సంబంధం ఎక్స్‌స్టార్ట్ అనే దశ దగ్గరే ఆగిపోతే ముందుగా ఇరువైపులా ఎంటీయూ (ఒక్కసారికి పంపగల ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) ఒకటేనా అని చూడండి. నేను పాస్‌వర్డులన్నీ మార్చిన తర్వాత గాని అది చూడలేదు.

స్టాటిక్ రూట్లను పూర్తిగా వదిలేయలేదు. ఒకే లింకు ఉన్న చిన్న శాఖలకు ఒక్క డిఫాల్ట్ రూటు (వేరే దారి తెలియని ప్యాకెట్లన్నీ వెళ్లే రూటు) సరిపోతుంది. ఆ లింకు తెగితే ఏ ప్రోటోకాల్‌కైనా మరో దారి ఎక్కడుంది?