చింతగింజ రుమాళ్లు

శనివారం, రాత్రి తొమ్మిదిన్నర

గోళ్ల సందుల్లో పసుపు ఇంకా పోలేదు. చపాతీ పిండి కలుపుతుంటే అత్తమ్మ నా చేతులు చూసి "బళ్లె పెండ్లి గిన అయిందా ఏంది?" అంది. పెళ్లి కాదు గానీ, సందడి మాత్రం దానికేం తక్కువ లేదు.

నెలలో నాలుగో శనివారం మా బడికి పిల్లలు పుస్తకాల సంచీ లేకుండా వస్తారు. ఆ రోజు ఆటలు, పాటలు, బొమ్మలు. పోయిన నెల యూట్యూబ్‌లో చూసి రంగు కాగితాలతో పువ్వులు చేయించాను. ఇరవై ఏడు మంది పిల్లలు, ఇరవై ఏడు పువ్వులు, అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా. నిజం చెప్పాలంటే అందులో సగం నేను అంటించినవే. ఫోటో తీసి గ్రూపులో పెడితే అందరూ బొటనవేళ్లు చూపించారు. నాకే ఎందుకో సిగ్గనిపించింది.

బొమ్మ గీయండి అంటే ఇంకో బాధ. ఒకటో తరగతి నుంచి ఐదు దాకా అందరిదీ ఒకటే సీనరీ. రెండు మూడుమూలల కొండలు, మధ్యలో సగం సూర్యుడు, కింద వాగు, పక్కన గుడిసె. మా బడి కిటికీలోంచి కనిపించే గుట్ట మూడుమూలలుగా ఏం లేదు. బండ మీద బండ, ఎవరో సంచీలోంచి కుమ్మరించినట్టు ఉంటుంది. నల్లగొండ అనే పేరు పెట్టుకున్న జిల్లాలో ఉంటూ, ఆ కొండను గీసిన పిల్లవాణ్ణి నేనింతవరకు చూడలేదు. పిల్లల తప్పేం కాదు. బోర్డు మీద ఆ మూడుమూలల కొండలు వేసి చూపించింది మేమే.

అందుకే ఈసారి కాగితం జోలికి పోలేదు. మామయ్యవి పాత పంచెలు రెండు చించి చదరం ముక్కలు చేసి తీసుకెళ్లాను. నూలు గుడ్డ అయితేనే రంగు బాగా పట్టుకుంటుంది. ఇంట్లో డబ్బాలో ఉన్న పసుపు, ఒక పొట్లం చింతగింజలు, దారం. గుడ్డలో చింతగింజ పెట్టి, మెడ దగ్గర దారంతో గట్టిగా బిగించి రంగులో ముంచితే, కట్టిన చోట రంగు ఎక్కక తెల్లటి రింగు మిగులుతుంది. ఖర్చు లేని పని. పసుపు మరిగించడానికి వంట చేసే ఆమెను గిన్నె అడిగితే మాత్రం బతిమాలించుకుంది. "పప్పు పచ్చగుంటే నన్ననొద్దు మేడం" అని ముందే చెప్పి పెట్టింది.

మొదటి అరగంట అంతా తిప్పలే. చిన్న పిల్లల వేళ్లకు దారం ముడి పడదు. పడ్డా వదులుగా ఉంటుంది, లోపలికి రంగు పోతుంది. ఒకటో తరగతివాళ్లయితే గింజలు కట్టడం మానేసి నేల మీద ఆట మొదలుపెట్టారు. అప్పుడు నాలుగో తరగతి పిల్ల ఒకామె లేచి, "దారంతోని కాదు మేడం, రబ్బరు తెస్త" అని నా జవాబు కోసం కూడా చూడకుండా పరుగెత్తింది. వాళ్ల ఇల్లు బడి వెనకాలే. ఐదు నిమిషాల్లో గుప్పెడు నల్ల రబ్బరు పీలికలతో వచ్చింది. సైకిల్ ట్యూబును సన్నగా కోసినవి. వెనకాలే వాళ్ల తాత కూడా వచ్చాడు, రబ్బరు ఎవరికోసమో చూద్దామని.

ఆయన చిటికి పని, అంటే ఇలాగే కట్టి రంగులో ముంచే చేనేత పని, చేసిన మనిషి. ఊళ్లో ఇప్పుడు మగ్గాలు తగ్గాయి గానీ ఆయన చేతులు మరిచిపోలేదు. పిల్ల చేతిలోని గుడ్డ తీసుకుని, పీలికను పళ్లతో పట్టి లాగి, మూడు చుట్లు తిప్పి కొస లోపలికి దోపాడు. ముడి లేదు. లాగితే రాదు, కావాలంటే ఒక్క గుంజుకు ఊడుతుంది. పిల్లలు నోరు తెరిచి చూశారు, నేనూ చూశాను.

తర్వాత నవ్వుతూ, "గుడ్డ నేసినంక కట్టుడేంది మేడం, నేయక ముందే నూలుకు కట్టాలె" అన్నాడు. పోచంపల్లి చీరలు కట్టుకుంటాను గానీ ఈ సంగతి నాకెప్పుడూ సరిగ్గా తట్టలేదు. పేక నూలును, అంటే అడ్డపోగును, ముందు ఆసు అనే మేకుల చట్రం మీద అటూ ఇటూ పోసుకుని, దాని మీద డిజైన్ గీసి, రంగు పట్టకూడని చోటల్లా రబ్బరుతో కట్టి ముంచుతారు. విప్పి, ఇంకో చోట కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. పువ్వు మొత్తం నూలులోనే ఉంటుంది. మగ్గం మీద పోగు పోగు కలిసినప్పుడు బయటపడుతుంది. అంచుల దగ్గర ఆ పువ్వు కొంచెం వణికినట్టు కనిపించేది అందుకేనట.

ఆసు మాట వచ్చేసరికి ఆయన కుడి చేయి దానంతటదే గాల్లో అటూ ఇటూ ఊగింది. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చేయి అలా ఆడించాలి. ఆ పని ఇళ్లలో ఎక్కువగా ఆడవాళ్లదే. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం చేశారని, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చిందని పిల్లలకు చెప్పాను. ఆలేరు దగ్గర షారాజీపేట మనిషి, మన జిల్లానే అప్పట్లో. తాత మాత్రం "మా ఇంటామెకు ఆ మిషిను జర ఆలస్యంగొచ్చింది" అని ఊరుకున్నాడు. నేనూ ఇంకేం అడగలేదు.

ఇంతలో అన్నం బెల్లు. పిల్లలు చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోయారు. రెండు నిమిషాల్లో ఒకటే ఏడుపు. రెండో తరగతి బుడ్డోడు చేతులు చాపి నిలబడ్డాడు, అరచేతులు ఎర్రగా! "రక్తం, రక్తం" అని పక్కవాళ్ల కేకలు. నాకు ఒక్క క్షణం గుండె ఆగింది. చూస్తే పసుపు చేతికి సబ్బు తగిలింది, అంతే. పారాణి ఎలా వస్తుందో తెలిసిన నేనే దాన్ని మరిచిపోయాను. వంటింట్లోంచి నిమ్మచెక్క తెచ్చి రుద్దితే మళ్లీ పచ్చబడింది. ఏడ్చినవాడు నవ్వాడు, మళ్లీ సబ్బు పూసుకున్నాడు. ఇక మిగతా ఇరవై ఆరు మందిని ఆపడం నా వల్ల కాలేదు. సబ్బు సగానికి అరిగింది. సోమవారం హెడ్‌మాస్టర్ గారికి ఏం చెప్పాలో ఆలోచించుకోవాలి.

తాతకు ఇదంతా వినోదం. నడుములోంచి సున్నం డబ్బీ తీసి, "దీనితోని ఇంకా ఎర్రగైతది" అన్నాడు. సున్నం పిల్లల కంట్లో పడుతుందేమోనని భయపడి డబ్బీ నా దగ్గరే పెట్టుకున్నాను. కొంచెం నీళ్లలో కలిపి, చీపురుపుల్ల కొసకు నేనే అద్ది ఒక్కొక్కరికీ ఇచ్చాను. కట్లు విప్పిన పచ్చటి గుడ్డ మీద పుల్ల ఆనిన చోటల్లా ఎర్రటి గీత. ఒక పిల్ల తెల్ల రింగుల చుట్టూ ఎర్ర చుక్కలు పెట్టింది. ఒకడు గుట్ట గీశాడు, బండ మీద బండ! నేను చెప్పలేదు. కిటికీ పక్కన కూర్చున్నాడు, అంతే.

తెలుపు, పసుపు, ఎరుపు. తాత ఒక రుమాలు ఎత్తి వెలుతురుకు పెట్టి, "పుట్టపాక తేలియా రుమాలు సూసిన్రా మేడం?" అన్నాడు. చూశాను, దూరం నుంచి. పుట్టపాక ఊళ్లో నేసే గుడ్డ అది. ఎరుపు, నలుపు, తెలుపు. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపిన నీళ్లలో నూలును రోజుల తరబడి నానబెట్టి, ఆరబెట్టి, మళ్లీ నానబెట్టి చేస్తారు. 2020లో దానికి జీఐ, అంటే ఆ ప్రాంతపు సరుకు అనే గుర్తింపు, వచ్చింది. మా పసుపు రంగు నాలుగెండలకు వెలిసిపోయే సరుకు. ఆ సంగతి పిల్లలకు చెప్పాను, ఒక్కరు కూడా బాధపడలేదు.

మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఆరిన రుమాళ్లు కిటికీ ఊచలకు కట్టాం. ఏ రెండూ ఒకేలా లేవు. మూడు నాలుగైతే పూర్తిగా పాడయ్యాయి, పచ్చటి పీలికల్లా ఉన్నాయి. వాటినీ కట్టించాను. ఫోటో తీయడం గుర్తే లేదు.

ఐదో తరగతి పిల్లవాడొకడు మాత్రం తనది విప్పనివ్వలేదు. పొద్దున్నుంచి మాట్లాడకుండా కట్టిందే కట్టాడు. ఉసిరికాయంత ముద్ద అయింది, ఎన్ని గింజలున్నాయో వాడికే తెలియాలి. తడి పోకముందు విప్పితే రంగు పాకుతుందని తాత చెప్పాడట. బడి వదిలాక దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, "సోమారం తెస్త మేడం" అని వెళ్లిపోయాడు. వాడి చొక్కా జేబు మీద అప్పటికే పచ్చటి మరక. వాళ్లమ్మ రేపు దానికి సబ్బు పెడుతుంది.

ఫోన్ చేసి ముందే చెప్పాల్సింది.